పసిపిల్లను ఆఫీసుకు తెచ్చే రోజున: చూసేది ఎవరో పేరు పెట్టి చెప్పండి

పోయిన వారం మా కాంప్లెక్స్‌లో, పై అంతస్తు ఆఫీసులో తొమ్మిది నెలల బాబు మీద వేడి టీ పడింది. చెయ్యి, ఛాతీ కాలాయి. ప్రాణానికి భయం లేదని డాక్టర్లు చెప్పారు. కానీ కట్టు మార్చిన ప్రతిసారీ వాడు పడుతున్న బాధ తల్లి చెప్తుంటే వినలేకపోయాం.

ఆ సమయానికి గదిలో ఎనిమిది మంది ఉన్నారు. తల్లి మేనేజర్ దగ్గర సంతకం కోసం పోతూ "జర బాబును చూస్తుండుర్రి" అని చెప్పే పోయింది. అందరూ సరే అన్నారు. టీ తెచ్చినతను గ్లాసులు ఎప్పటిలాగే పొట్టి స్టూలు మీద పెట్టాడు. బాబు పాకుతూ వచ్చి, స్టూలు పట్టుకుని లేవబోయాడు.

ఎండాకాలం ముందు ఇది రాయడానికి కారణం ఉంది. మన దగ్గర పసిపిల్లలు ఆఫీసులకు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. యాసంగి వడ్లు కోతకొస్తాయి, పిల్లను చూసుకునే అమ్మమ్మ కల్లం కాడికి ఊరికి పోతుంది. పైగా పెళ్ళిళ్ళు. 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావచ్చని 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణ చెప్పింది. హనుమకొండ నయీంనగర్‌లో, బాలసముద్రంలో మనం పనిచేసే ఆఫీసుల్లో చాలావాటిలో పదిహేను మంది కూడా ఉండరు. ఇక తల్లికి దారేముంది? పిల్లను చంకనేసుకుని వస్తుంది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదు.

అసలు తప్పు ఇది

పిల్లను గది మొత్తానికి అప్పగించడం. నేను చూసిన ప్రమాదాల్లో, తృటిలో తప్పిన ప్రమాదాల్లో, ఎక్కువ వాటికి మొదలు ఇక్కడే. గదిలో ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు కళ్ళు తిప్పకుండా చూస్తారు. ఎనిమిది మంది ఉంటే, పక్కవాళ్ళు చూస్తున్నారులే అని ఎనిమిది మందీ తమ స్క్రీన్లకు తిరిగిపోతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆ పిల్లంటే అందరికీ ముద్దే. అయినా ఆ రెండు నిమిషాల్లో పిల్ల ఎవరి చేతిలోనూ ఉండదు.

అందుకని తల్లి లేచేముందు ఒక్కరి పేరు పిలవాలి. "స్వప్నక్కా, నేను వచ్చేదాకా పాప నీ దగ్గర" అనాలి. ఆ స్వప్నక్క తలెత్తి "సరే, నా దగ్గర" అనాలి. జవాబు వచ్చేదాకా తల్లి కదలకూడదు. పని ఒత్తిడిలో ఉన్నవాళ్ళు "ఇప్పుడు నా వల్ల కాదు" అని సూటిగా చెప్పేయాలి, తల్లి దానికి నొచ్చుకోకూడదు. మొహమాటంతో ఒప్పుకుని ఎక్సెల్ షీటు చూసుకుంటూ కూర్చోవడం కంటే కాదనడమే పిల్లకు మేలు.

టీ, నేల, కరెంటు

పిల్ల ఉన్న రోజు టీ గ్లాసులు, ఫ్లాస్కు నడుము ఎత్తుకు కింద పెట్టకండి. పెద్దవాళ్ళకు చురుక్కుమనే టీ పసిపిల్లల పల్చటి చర్మాన్ని లోతుగా కాలుస్తుంది. ఒళ్ళో పిల్లను పెట్టుకుని టీ తాగకండి. డిస్పెన్సర్ వేడినీళ్ళ స్విచ్ ఆ పూటకు ఆపేయండి.

ఒకవేళ కాలితే వెంటనే తడిసిన బట్ట తీసేసి (చర్మానికి అంటుకుంటే లాగొద్దు), కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పారించండి. మిగతా ఒంటికి చల్లదనం తగలకుండా బట్ట కప్పండి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు ఏదీ వద్దు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పై అంతస్తులో మొదట పేస్టు కోసమే పరిగెత్తారు.

పాకే వయసు వచ్చిందంటే నేల మొత్తం పిల్లదే. స్టేప్లర్ పిన్నులు, బోర్డు పిన్నులు ఏరేయాలి. అన్నిటికంటే ముఖ్యం గుండ్రటి బటన్ బ్యాటరీలు. రిమోట్లలో, కారు తాళాల్లో ఉంటాయి. మింగితే గొంతు కింద ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. పిల్ల బాగానే ఆడుతున్నా సరే, మింగిందని అనుమానం వస్తే ఎక్స్‌రే తీసే చోటుకు వెంటనే వెళ్ళండి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అయినా, దగ్గర్లో ఏదైనా.

ఇనుప బాడీ కూలర్ ఉన్న గదిలో పిల్లను నేల మీద వదలొద్దు. కూలర్ల షాకుతో మన జిల్లాల్లో పెద్దవాళ్ళే పోతున్నారు. కింద నీళ్ళు కారి ఉంటే ఇంకా ప్రమాదం.

మిగతావి

ఆరు నెలల లోపు పిల్లకు ఎంత ఎండ కొట్టినా నీళ్ళు పట్టకండి, తల్లిపాలే చాలు. ముద్దొస్తోందని గ్లూకోజ్ నీళ్ళు, బిస్కెట్ ముక్క నోట్లో పెట్టకండి. తల్లి పాలివ్వడానికి గడియ ఉన్న గది చూపించండి, బాత్రూమ్ చూపించకండి.

జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు పిల్లను ఎత్తుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసి ఉంటే ఆ గదిలోకే రావొద్దు.

ముఖం మీద ముద్దులు వద్దు.

చక్రాలున్న ఆఫీసు కుర్చీ వెనక్కి జరిపేముందు కిందికి చూడండి. పాకే పిల్లల వేళ్ళు చక్రాల దగ్గరే ఉంటాయి.

పేపర్ ష్రెడర్ ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు.

బాత్రూమ్ తలుపు మూసే ఉంచండి. బకెట్‌లో అడుగున మిగిలిన నీళ్ళలోనూ పసిపిల్లలు మునిగిపోతారు.

దోమల మందు సీసా, శానిటైజర్ ఎత్తులో పెట్టండి.

పిల్లను టేబుల్ మీద పడుకోబెట్టొద్దు. నిన్నటిదాకా బోర్లా పడని పిల్ల ఈ రోజు పడొచ్చు.

కారులో ఒక్క నిమిషం కూడా వదలొద్దు. ఏసీ వేసి ఉన్నా సరే.

గొంతులో ఏదైనా అడ్డుపడి ఏడుపు రాకపోతే, ఏడాది లోపు పిల్లను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని వీపు మీద రెక్కల మధ్య ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్య ఒక అరచేతి అడుగు భాగంతో ఐదు నొక్కులు. మళ్ళీ అదే. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టొద్దు. ఇంకొకరు అప్పటికే 108కి ఫోన్ చేస్తుండాలి. ఆ ఇంకొకరిని కూడా పేరు పెట్టే పిలవండి.

పిల్లను చూస్తున్నవాళ్ళకు ఫోన్ వస్తే ఎత్తకండి. తప్పక ఎత్తాల్సి వస్తే ముందు పిల్లను ఇంకొకరి చేతికివ్వండి, పేరు పిలిచి, "నా దగ్గర" అనిపించుకుని.