తాతయ్య .22 రైఫిల్ మీద స్కోప్ చివరికి కదలకుండా నిలిచింది

వేట రోజుల నాటి రైఫిల్. లైసెన్స్ నా పేరు మీదికి మారాకే చేతికొచ్చింది. స్కోప్ (గురి చూసే దుర్బిణి) పెడితే పది రౌండ్లకే గురి తప్పేది. మళ్లీ జీరో చేశాను (గురి పెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్‌ను సరిచేశాను), స్క్రూలు గట్టిగా బిగించాను, స్కోపే మార్చాను; దండగ.

అసలు దోషం రైఫిల్ పైన స్కోప్ రింగులు పట్టుకునే 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడిలో పేరుకున్న జిడ్డుది. తాతయ్యకు నూనె రాయడమంటే మహా ఇష్టం! బోల్ట్ తీసి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీ అని చూసుకుని, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా గాడిని స్పిరిట్‌తో తుడిచాను. మొదట రింగుల అడుగు స్క్రూలు బిగించాను. తర్వాత రైఫిల్‌ను లెవెల్‌గా నిలిపి, గదిలో వేలాడదీసిన దారంతో స్కోప్ నిలువు గీతను సరిచూశాను. పై స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పాను. చివర్లో రింగుకీ గాడికీ కలిపి పెన్సిల్ గీత.

గచ్చిబౌలి రేంజ్‌లో 50 రౌండ్ల తర్వాతా గీత చెదరలేదు. .22 వెనక్కి తన్నేది తక్కువే; ఇంకా గట్టిగా తన్నే .315 రైఫిల్‌కి ఇదే చాలుతుందని మాత్రం అనలేను.