కాటుకపిట్టల ఉపజాతులను కూత ద్వారా, ఈకల ద్వారా గుర్తించే విధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లపు భూములలో వరికోతలు పూర్తయి, ముందే చల్లిన మినుము, పెసర గింజలు వరిమోళ్ల మధ్య ఆకు తొడిగే సమయానికి, తోకను ఎడతెగకుండా పైకీ కిందికీ ఆడిస్తూ నేల మీద పరుగెత్తే కాటుకపిట్టలు గట్ల మీద తరచుగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో వాగ్‌టెయిల్ అని పిలిచే ఈ పాడే పక్షులలో ఎక్కువ భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలలలో సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వలస వచ్చి, ఏప్రిల్ నెల ముగిసేలోగా తిరిగి వెళ్లిపోతాయి. ఒకే జాతి పక్షులు వేర్వేరు ప్రాంతాలలో సంతానాన్ని పెంచుతూ, తల రంగులోనూ వీపు రంగులోనూ తేడాలు గల ఉపజాతులుగా స్థిరపడ్డాయి. శీతాకాలంలో మాత్రం అవి ఒకే చెరువు గట్టున కలిసి మేయవచ్చు. ఉపజాతిని సరిగా గుర్తించగలిగితే, మన మడిలో పురుగులు ఏరుకుంటున్న పిట్ట ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పగలుగుతాం. ఇందుకు నేను అన్నిటికంటే ముఖ్యమని భావించే నియమం ఒకటుంది. కూత విని జాతిని నిర్ణయించాలి, ఆ తరువాతనే ఈకలు చూసి ఉపజాతిని నిర్ణయించాలి.

మొదట మన స్థానిక పక్షిని వేరు చేయాలి. నాగావళి, వంశధార ఒడ్డుల రాళ్ల మీద ఏడాది పొడవునా ఉండే తెల్లకనుబొమ కాటుకపిట్ట సుమారు 21 సెంటీమీటర్ల పొడవుతో, వలస వచ్చే తెల్ల కాటుకపిట్ట కంటే పెద్దదిగా ఉంటుంది, దీనికి ఉపజాతులు లేవు. దీని నుదురు ముక్కు మొదలు వరకు నల్లగా ఉండి, కంటిపైన మాత్రమే తెల్లని గీత సాగుతుంది. ఎదిగిన తెల్ల కాటుకపిట్టకు, అది ఏ ఉపజాతిదైనా, నుదురు తెల్లగా ఉంటుంది. స్థానిక పక్షి పిల్లలలో నలుపుకు బదులు గోధుమ ఛాయ గల బూడిద రంగు ఉండడం వల్ల కొత్తవారు వాటిని అరుదైన ఉపజాతిగా పొరబడే ప్రమాదం ఉంది కనుక, నుదుటిని చూడకుండా ముందుకు వెళ్లకూడదు.

కూతలు ఎక్కువగా పక్షి ఎగిరే క్షణంలో వినిపిస్తాయి. తెల్ల కాటుకపిట్ట అలల వలె లేస్తూ పడుతూ ఎగురుతూ "చిజిక్" అని రెండు ముక్కలుగా పలుకుతుంది. పసుపు కాటుకపిట్ట కూత "సీఇప్" అని ఒకే స్వరంగా, కొంచెం సాగి, మెత్తగా ఉంటుంది. నిమ్మపసుపు కాటుకపిట్ట "ద్జ్రీప్" అని, రంపాన్ని ఒక్కసారి లాగినట్లు గరుకుగా పలుకుతుంది. కొండ గెడ్డల వెంట తిరిగే బూడిదరంగు కాటుకపిట్ట "జిట్ జిట్" అని లోహపు శబ్దంతో, హెచ్చు స్థాయిలో కూస్తుంది. పొట్ట కింద పసుపు ఉన్నంత మాత్రాన దానిని పసుపు కాటుకపిట్టగా రాసుకోకూడదు. ఉపజాతి విషయంలో కూత ఇచ్చే సాక్ష్యం చాలా పరిమితమైనది. తెల్ల కాటుకపిట్ట ఉపజాతులను కూతతో వేరు చేయాలని ప్రయత్నించడం వ్యర్థమని నా అభిప్రాయం. పసుపు కాటుకపిట్టలలో మాత్రం నల్లతల గల ఫెల్డెగ్ ఉపజాతి కూత మిగిలిన వాటి కంటే గరుకుగా ఉంటుంది. అయితే ఇప్పుడు వేరే జాతిగా పరిగణిస్తున్న తూర్పు పసుపు కాటుకపిట్ట కూత కూడా గరుకుగానే ఉంటుంది కనుక, శబ్దం ఒక్కటే ఆధారమైనప్పుడు ఉపజాతి పేరు రాయకూడదు. ఫోనులో శబ్దాన్ని రికార్డు చేసి పక్షి కూతలను గుర్తించే మెర్లిన్ వంటి యాప్‌కు వినిపించినా, అది సూచించేది జాతినే.

ఉపజాతి కోసం చూడవలసిన కాలం ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు. డిసెంబరులో పసుపు కాటుకపిట్టలు చాలావరకు మాసిన ఆలివ్, బూడిద రంగులలో ఒకదానిని ఒకటి పోలి ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ముందు మగపక్షులు తల, గొంతు, రొమ్ము ఈకలను రాల్చి కొత్త ఈకలు తొడుగుతాయి కనుక, మార్చిలో వాటి తలలు తమ ఉపజాతిని తామే చాటుతాయి. నీరు వెనక్కి తగ్గిన తాటిపూడి, మడ్డువలస జలాశయాల అంచులు, నౌపడ ఉప్పుమళ్ల పరిసరాలలోని తడి పచ్చిక, పశువులు మేసే చెరువు గర్భాలు ఇందుకు అనువైనవి. సూర్యుడిని వీపు వైపు ఉంచుకొని, ఉదయపు మొదటి రెండు గంటలలో చూడడం మేలు, ఎందుకంటే ఎదురు వెలుగులో ముదురు బూడిద తల నల్లగా కనిపించి మనలను తప్పుదారి పట్టిస్తుంది.

పసుపు కాటుకపిట్ట మగవాటిలో మొదట నడినెత్తిని, చెవి దగ్గరి ఈకలను పోల్చి చూడాలి. నడినెత్తి ముదురు బూడిదగా, చెవి దగ్గర మాత్రం దాదాపు నల్లగా ఉండి, కనుబొమ గీత లేకుండా లేదా చాలా మసకగా ఉంటే అది థన్‌బర్గీ ఉపజాతి. దీని రొమ్ము పైభాగాన చిన్న ముదురు మచ్చలు హారం వలె కనిపించడం కూడా తరచుగా జరుగుతుంది. స్కాండినేవియా ఉత్తర భాగం నుంచి సైబీరియా వరకు దీని సంతానోత్పత్తి స్థానం. తల లేత నీలిబూడిదగా ఉండి, వెడల్పైన తెల్లని కనుబొమ, కంటి కింద చెంప మీద తెలుపు ఉంటే బీమా ఉపజాతి. దక్కనులో సేకరించిన నమూనాను ఆధారం చేసుకొని సైక్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1832లో దీనికి పేరు పెట్టాడు. నడినెత్తి, చెంప, మెడ వెనుక భాగం అన్నీ ఒకే నిగనిగలాడే నలుపులో ఉంటే అది ఫెల్డెగ్ గానీ మెలనోగ్రిసియా గానీ కావాలి. నల్లని చెంపకు, పసుపు గొంతుకు మధ్య సన్నని తెల్లని గీత స్పష్టంగా ఉంటే రెండవదాని వైపు మొగ్గవచ్చు. తల మొత్తం పసుపుగా కనిపిస్తే లూటియా ఉపజాతి పేరును తలచుకోవలసిందే, కానీ నిమ్మపసుపు కాటుకపిట్ట మగపక్షికి కూడా తల పసుపే కనుక వీపు చూడాలి. లూటియాకు వీపు ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. నిమ్మపసుపు దానిలో సిట్రియోలా ఉపజాతికి వీపు బూడిదగా, టిబెట్ పీఠభూమిలోను హిమాలయాలలోను సంతానాన్ని పెంచే కాల్కరాటాకు వీపు నల్లగా ఉంటుంది. రెండింటికీ రెక్కల మీద వెడల్పైన తెల్లని పట్టీలు ఉంటాయి.

తెల్ల కాటుకపిట్టలలో రొమ్ము మీది నల్లని మచ్చను నమ్ముకోకూడదు, శీతాకాలంలో ఇది అన్ని ఉపజాతులలోనూ నెలవంక వలె కుంచించుకుపోతుంది. వీపు రంగు, మెడ పక్కభాగం అనే రెండు చోట్లనే దృష్టి నిలపాలి. వీపు బూడిదగా, చెంప, మెడ పక్కలు తెల్లగా ఉంటే దుఖునెన్సిస్. దక్కను పేరుతోనే సైక్స్ దీనిని కూడా 1832లో వర్ణించాడు, నేడు కొన్ని జాబితాలు దీనిని ఆల్బా ఉపజాతిలో కలిపివేశాయి. వీపు బూడిదగానే ఉండి, మెడ పక్కల నలుపు రొమ్ము నలుపుతో కలిసి ముసుగు వేసినట్లుంటే అది మధ్య ఆసియా నుంచి వచ్చే పర్సొనాటా. వీపు నల్లగా, చెంపలు, గొంతు తెల్లగా ఉంటే లూకోప్సిస్. ఇది తూర్పు ఆసియా పక్షి, మన దేశంలో ప్రధానంగా ఈశాన్య ప్రాంతాలలో శీతాకాలం గడుపుతుంది కనుక, ఇక్కడ చూశామని చెప్పడానికి వీపు, ముఖం రెండూ కనిపించే ఫొటోలు తప్పనిసరిగా ఉండాలి. దీని ఆడపక్షుల వీపులో బూడిద రంగు ఉంటుంది, కాబట్టి బూడిద వీపు కనిపించగానే ఈ ఉపజాతిని కొట్టివేయడమూ సరికాదు.

ఒక్కో పక్షిని ఎదుటి నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి ఫొటో తీసి, కూత విన్న సమయాన్ని అదే చోట రాసుకోవాలి. సాయంత్రం జమ్ముపొదలలో, చెరకు తోటలలో గుంపులుగా నిద్రకు చేరే వేళ కూతలు వినడానికి చక్కని అవకాశం దొరుకుతుంది, కానీ అప్పుడు టార్చి వేయడం, దగ్గరికి వెళ్లడం పక్షులకు హాని చేస్తుంది కనుక గట్టు మీదే ఆగిపోవాలి. ఆడపక్షులకు, తొలి శీతాకాలపు పిల్లలకు చాలా సందర్భాలలో జాతి పేరు మాత్రమే రాసి ఉపజాతి గడిని ఖాళీగా వదలాలి. పక్షుల పరిశీలనలను భద్రపరిచే ఆన్‌లైన్ వేదిక ఈ-బర్డ్‌లో జాతి స్థాయిలోనే నమోదు చేసే వీలు ఉంది. సంతానోత్పత్తి ప్రాంతాల సరిహద్దులలో ఉపజాతులు పరస్పరం జతకట్టడం వల్ల, నల్లని తలకు తెల్లని కనుబొమ కలిగిన మగపక్షుల వంటి మధ్యస్థ రూపాలు కూడా వస్తాయి. అలాంటి పక్షిని ఏదో ఒక ఉపజాతి కింద చేర్చకుండా, కనిపించిన రంగులను మాటలలో వర్ణించి, ఫొటోలు జతచేసి నమోదు చేయాలి.