యూనిసైకిల్ బరువు తగ్గించాలంటే ముందు చక్రం అంచు చూడండి

యూనిసైకిల్ (ఒంటి చక్రపు సైకిల్) తేలిక చేసుకోవాలనుకునేవారు చాలామంది మొదట ఫ్రేము మీద డబ్బు పెడతారు. దానికంటే ముందు ట్యూబు మార్చండి. ఈ బండికి ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రం తిరిగే ఏర్పాటు) ఉండదు. పడకుండా నిలవడానికి చక్రం వేగాన్ని క్షణక్షణం పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. అంచున తిరిగే 100 గ్రాములను కదిలించడానికి ఫ్రేములోని 100 గ్రాములకంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. అందుకే ముందు ట్యూబు, తర్వాత టైరు, రిమ్ము. బ్యూటైల్ (మామూలు రబ్బరు) ట్యూబు తీసి పలుచని టీపీయూ (సాగే ప్లాస్టిక్) ట్యూబు వేస్తే కాళ్లకు వెంటనే తేడా తెలుస్తుంది. 36 అంగుళాల చక్రం ఉన్నవారు 29 అంగుళాల ట్యూబునే సాగదీసి వేసుకోవడం కూడా ఉంది.

ఫ్రేముకు అల్యూమినియం చాలు. ఘన సెంటీమీటరుకు ఉక్కు సుమారు 7.8 గ్రాములు, టైటానియం 4.5, అల్యూమినియం 2.7. అయితే అల్యూమినియం ఉక్కుకంటే తేలికగా వంగుతుంది కాబట్టి గొట్టాలు లావుగా చేస్తారు. బరువు మూడో వంతుకు పడిపోతుందని ఆశించకండి. సీటు అడుగుకు కార్బన్ ఫైబర్ చక్కగా ఉంటుంది, కానీ బండి పడిన ప్రతిసారీ పగుళ్లు వచ్చాయేమో తడిమి చూడాలి. నైలాన్ పెడళ్లు చవక, కాలికి తగిలినా లోహపు పళ్లంత లోతుగా గీరవు.

హబ్బు (చక్రం మధ్యభాగం) ఇరుసు జోలికి మాత్రం వెళ్లకండి. ముందుకు తొక్కినా, వెనక్కి నొక్కి ఆపినా భారమంతా దాని మీదే. గెంతులు వేసేవారికి క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కే ఉండాలి. బరువు తగ్గుతుందని క్రాంకులకు (పెడళ్లను ఇరుసుకు కలిపే కడ్డీలకు) రంధ్రాలు చేయడం దయచేసి వద్దు. అల్యూమినియం పదేపదే భారం పడి అలసిపోయి ఒక్కసారిగా విరుగుతుంది.