ఎండాకాలంలో సిజేరియన్: బాలింతకు నీళ్లు ఆపకండి

ఏప్రిల్, మే నెలల్లో కాన్పు పడిందంటే తిరుపతిలో రెండు టెన్షన్లు: ఆపరేషన్ ఒకటి, ఎండ ఒకటి. మూడోది మనమే తెచ్చిపెట్టుకుంటాం, ముహూర్తం. డాక్టర్ ఇచ్చిన తేదీల్లో మంచిరోజు చూసుకోవచ్చు. నక్షత్రం కోసం 39 వారాలు నిండకముందే చేయమని మాత్రం అడగొద్దు. ముందుగా తీసిన బిడ్డకు ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ. ఇబ్బంది ఉండి డాక్టరే తొందరపడితే అది వేరే సంగతి.

హిమోగ్లోబిన్ తక్కువుంటే నెలలు నిండకముందే సరిచేసుకోవాలి. తల్లీబిడ్డ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, ఆధార్ ఒకే కవర్లో ఉంచండి. పొట్ట కింద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో తీయకండి, గాట్లు పడితే ఇన్ఫెక్షన్‌కు దారి. ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి టిఫిన్, పాలు ఏవీ వద్దు. మంచినీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టర్ చెబుతారు. "పాపం, ఆకలికి ఆగలేదు" అని చాటుగా ఇడ్లీ పెట్టే పెద్దవాళ్లుంటారు, వాళ్ల మీద ఒక కన్నేయండి. కడుపులో తిండి ఉంటే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఆపరేషన్ అయ్యాక నర్సు లేవమన్నప్పుడు లేవాలి. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నేరుగా లేవకండి. పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి దించి, మోచేతి మీద బరువు వేసి లేవండి. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోండి.

ఇక పథ్యం. నీళ్లు తాగితే కుట్లకు చీము పడుతుందని మనవైపు గట్టి నమ్మకం. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, నీళ్ల వల్ల కాదు. ఈ ఎండల్లో నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట. ముక్కితే కుట్లు లాగుతాయి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టండి. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. పప్పు, గుడ్డు, ఆకుకూర, రాగిసంగటి తిననివ్వండి, పుండు మానడానికి కావాల్సిందే అవి. వెల్లుల్లి కారం పెట్టుకుంటారా, పెట్టుకోండి.

తలుపులు మూసి, చెవుల్లో దూది కుక్కి, గదంతా సాంబ్రాణి పొగ నింపితే ఇద్దరికీ ఊపిరాడదు. ఫ్యాన్ వేయండి. చెమటకు కుట్లు తడవకుండా వదులు నైటీ మేలు. లంగా బొందు కుట్ల మీదికి రానివ్వకండి. పసుపు, పౌడరు ఏదీ అద్దకండి.

ఆరు వారాలు బిడ్డకంటే బరువైంది ఎత్తొద్దు. మొక్కుందని అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడానికి తొందరపడకండి, ముందు డాక్టర్ సరే అనాలి.

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము, వాసన ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా, ఆయాసం వచ్చినా, చూపు మసకబారేంత తలనొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.