ఒకే రోజు నాలుగైదు శిఖరాలు ఎక్కుతున్నారా, బయల్దేరే ముందు ఇవి చూస్కోండి

వెనక్కి తిరిగే టైమ్ ఇంట్లోనే ఫిక్స్ చేస్కోండి. "ఇంకొక్కటే కదా" అని వెళ్లేవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు, దిగేటప్పటికి చీకటి, కాళ్లేమో వణుకుతుంటాయి.

టైమ్ లెక్క: గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట, అదీ ఆగకుండా నడిస్తే. శిఖరానికీ శిఖరానికీ మధ్య దిగి మళ్లీ ఎక్కేదంతా కలపాలి, చాలామంది ఇదే మర్చిపోతారు.

మధ్యలో దిగిపోయే దారులు మ్యాప్‌లో మార్క్ చేస్కోండి, వాన ముంచుకొస్తే అప్పుడు వెతకలేం.

హెడ్‌ల్యాంప్ తప్పనిసరి. ఫోన్ లైట్ నమ్మొద్దు, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోద్ది.

జాకెట్ ఒకటి. 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుద్ది, గాలి సంగతి వేరే.

కొత్త బూట్లు వద్దు. మడమ మీద బొబ్బ రెండో శిఖరానికే చితుకుద్ది.