ఉద్దెర ఇస్తూనే కిరాణం కొట్టు నిలబెట్టుకోవడం ఎలా

మహబూబ్‌నగర్ జిల్లా మిడ్జిల్ దగ్గర మా ఊళ్లో కిరాణం కొట్టు నడుపుతున్నాను. కొత్తగా కొట్టు పెట్టాలనుకునే చెల్లెళ్లు, తమ్ముళ్లు వచ్చి ర్యాకులు ఎక్కడ చవక, ఫ్రిజ్ ఎంతది తీసుకోవాలి, బాదేపల్లిలో ఏ హోల్‌సేల్ దుకాణం మంచిది అని అడుగుతుంటారు. అవి కొట్టు తెరిచిన నెలలోనే వాటంతట అవే తెలిసిపోతాయి. మా వైపు ఊళ్లలో కొట్టు నిలబడాలన్నా మూతపడాలన్నా అది ఉద్దెర దగ్గరే, అంటే అప్పుకు ఇచ్చే సరుకు దగ్గరే తేలుతుంది. అందుకే దాని గురించే రాస్తున్నాను.

"ఉద్దెర లేదు" అని బోర్డు పెట్టడం జడ్చర్ల బస్టాండు దగ్గర కొట్టుకు సరిపోతుంది. ఊళ్లో కుదరదు. పత్తి రైతు చేతిలో పైసలు ఏడాదిలో రెండు మూడు నెలలే ఆడతాయి. ఉప్పు, పప్పు, సబ్బు పన్నెండు నెలలూ కావాలి. కాబట్టి ఇవ్వక తప్పదు. ఎవరికి, ఎంత, ఏ సరుకు మీద, ఎప్పటిదాకా అన్నవి మాత్రం మీరే ముందుగా తేల్చుకోవాలి. గిరాకి వచ్చి నిలబడ్డాక, మొహం చూస్తూ తేల్చుకునేవి కావు అవి.

ముందు ఈ లెక్క చూడండి. 100 రూపాయల నూనె ప్యాకెట్ మీద 5 రూపాయలు మిగులుతుందనుకుందాం. అది ఉద్దెర పోయి పైసలు రాలేదంటే మీకు పోయింది 95. ఆ 95 తిరిగి రావాలంటే ఇంకో 19 ప్యాకెట్లు రొక్కానికి అమ్మాలి. ఇక 50,000 రూపాయలు బాకీల్లో ఇరుక్కుపోయి, సరుకు కోసం మీరు నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి (వడ్డీకి) పైసలు తెచ్చారనుకోండి. నెలకు 1,000, ఏడాదికి 12,000 మిత్తి కింద పోతుంది. రోజంతా కొట్లో నిలబడి మిగిల్చింది మిత్తికి పోతే మీ కష్టానికి విలువేముంది? ఈ రెండు లెక్కలు ఒక కాగితం మీద రాసి గల్లా పెట్టె మూత లోపలివైపు అంటించుకోండి.

దీన్నిబట్టే ఏ సరుకు ఉద్దెర ఇవ్వొచ్చో తెలుస్తుంది. బీడీలు, సిగరెట్లు, పాల ప్యాకెట్లు, ఫోన్ రీచార్జి మా కొట్లో రొక్కానికే. వాటిలో మిగిలేది చాలా కొద్ది. బస్తా తెచ్చి, జల్లించి, మనమే ప్యాకెట్లు కట్టే పప్పులు, ఎండుమిర్చి, ధనియాలు, చింతపండు లాంటి వాటిలో కాస్త ఎక్కువ మిగులుతుంది కాబట్టి ఉద్దెరకు ఓర్చుకోగలవు. నూనె, చక్కెర లేకుండా ఇల్లు గడవదు, అవి ఇస్తాను, కానీ నెలకు ఇన్ని అని మాట్లాడుకుని ఇస్తాను. మొత్తం మీద ఊరి బాకీ అంతా కలిపి నా కొట్లో ఉండే సరుకు విలువలో మూడో వంతు దాటనివ్వను. హోల్‌సేల్ వాళ్లకు గడువులోపు కట్టాల్సిన పైసలను మాత్రం ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఉద్దెరలోకి పోనివ్వకండి. అక్కడ మాట పోతే సరుకు ఆగుతుంది. సరుకు ఆగితే బాకీ ఉన్నవాళ్లు కూడా ఇంకో కొట్టు చూసుకుంటారు.

ఎవరికి పైసలు ఎప్పుడొస్తాయి

ఇది తెలియకుండా ఉద్దెర ఇవ్వకండి. గడువు మీ అవసరాన్ని బట్టి పెడితే వసూలు కాదు. వాళ్ల చేతికి పైసలొచ్చే రోజును బట్టి పెట్టాలి.

పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలకు డ్యూటీకి పోయే పిల్లలకు నెల జీతం. జీతం ఏ తేదీన పడుతుందో అడిగి వాళ్ల పేజీ పైనే రాసి పెట్టుకోండి. కూలికి పోయేవాళ్లది వారం లెక్క. వాళ్లకు నెల గడువు ఇస్తే మేలు చేసినట్టు కాదు, నాలుగు వారాల బాకీ ఒక్కసారి కట్టడం వాళ్లకే భారం. హైదరాబాద్‌కు మేస్త్రీ పనికి పోయినవాళ్లు దసరాకో, సంక్రాంతికో, పీర్ల పండుగకో ఊరికి వస్తారు. వాళ్ల ఇళ్లలో ముసలివాళ్లు ఉంటారు. ముసలామె వచ్చి "నా కొడుకు వచ్చినంక ఇస్తడు బిడ్డా" అంటే ఆమె మాట నమ్మండి, కానీ ఆ రోజే కొడుక్కి ఫోన్ చేయండి. నెలకు ఎంతవరకు ఇవ్వాలో అతనే చెప్పాలి, నెలనెలా ఫోన్‌పే చేస్తానని ఒప్పుకోవాలి. అప్పుడు ఆమె కొట్టుకు తల ఎత్తుకుని వస్తుంది, పండుగకు వచ్చిన కొడుకు పెద్ద బాకీ చూసి తల్లి మీద అరవడు.

రైతు లెక్క వేరు. మా దగ్గర పత్తి మృగశిరలో విత్తుతారు. మొదటి ఏరుడు దసరా ప్రాంతంలో మొదలవుతుంది. అంటే శ్రావణం నుంచి రాఖీ, వినాయక చవితి, బతుకమ్మ, దసరా వరుసగా వచ్చే నెలల్లోనే ఇంటి ఖర్చు ఎక్కువ, చేతిలో పైసలు తక్కువ. ఉద్దెర కొండెక్కేది అప్పుడే. అది ప్రతి ఏడాదీ వచ్చేదే కాబట్టి ఎండాకాలంలోనే సిద్ధం కావాలి. పత్తి, పల్లి పైసలు వసూలైన నెలల్లో ఇంకో ఫ్రిజ్, కొత్త షట్టర్ అని ఆ రొక్కం ఖర్చు చేయకుండా శ్రావణం దాకా బ్యాంకులో ఉంచండి. పండుగల ముందు నెమ్మదిగా అమ్ముడయ్యే ప్లాస్టిక్ సామాను, బొమ్మలు తగ్గించి, వారంలో తిరిగే సరుకే తెప్పించండి.

పత్తి అమ్మినంక ఇస్తానంటే ఎక్కడ అమ్ముతారో కూడా అడగండి. ప్రైవేటు వ్యాపారికి ఇస్తే రేటు తక్కువైనా పైసలు త్వరగా చేతికొస్తాయి. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐకి అయితే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవాలి, తేమ 12 శాతం దాటకూడదు, పైసలు బ్యాంకు ఖాతాలో పడతాయి. తేమ ఎక్కువై పత్తి వెనక్కి వచ్చిన రైతును ఆ వారం బాకీ అడిగితే అతను అదే పత్తిని తక్కువ రేటుకు తెగనమ్ముకుంటాడు. ఇంకో రెండు వారాలు ఆగండి. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసినవాళ్లదీ ఇంతే. కాంటా కావాలి, లారీ మిల్లుకు చేరాలి, ఆన్‌లైన్‌లో ఎక్కాలి, ఆ తర్వాతే ఖాతాలో పడతాయి. కాంటా అయిన రోజు గుర్తు చేసి ఊరుకోండి, ఖాతాలో పడ్డాక అడగండి.

సర్కారు రైతుకిచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా గురించి నా మాట గట్టిగా చెబుతాను. ఎకరాకు పంటకు 6,000 రూపాయలు వస్తాయని కొట్టువాళ్లందరం ఎదురుచూస్తాం. దాని మీద కన్ను వేయకండి. అది విత్తనాలకు, దుక్కికి, యూరియాకు. పంటే పెట్టకపోతే మన బాకీ ఎక్కడ నుంచి తీరుస్తారు?

రాయడం

రెండు పుస్తకాలు పెట్టండి. పెద్ద ఖాతా మీ దగ్గర, చిన్న పాకెట్ పుస్తకం వాళ్ల చేతిలో. సరుకు ఇచ్చిన క్షణంలోనే, వాళ్లు చూస్తుండగా, రెండింట్లోనూ తేదీ, సరుకు, పైసలు రాయండి. "తర్వాత రాసుకో అక్కా" అంటే ఒప్పుకోవద్దు. చదువు రానివాళ్లకు రాసింది చదివి వినిపించండి. పిల్లలు సరుకుకు వస్తే పిల్లవాడి పేరు కూడా రాయండి. చాలా తగాదాలు మోసం వల్ల రావు, ఇంట్లో ఎవరు తీసుకెళ్లారో ఇంకొకరికి తెలియకపోవడం వల్ల వస్తాయి. మొబైల్ యాప్‌లో రాసుకుంటే మెసేజ్ పోతుంది, మంచిదే. కానీ యాప్ ఎంట్రీ మీద వాళ్ల సంతకం ఉండదు.

సంతకం ఎందుకంటే, గడువు చెప్పకుండా ఉద్దెర ఇచ్చిన సరుకు పైసల కోసం కోర్టుకు పోవడానికి, సరుకు ఇచ్చిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో అలా ఉంది. ఆ మూడేళ్లు దాటకముందే "ఇంత బాకీ ఉన్నాను" అని రాసిన కాగితం మీద వాళ్లు సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. కొంత జమ చేసినప్పుడు కూడా ఆ జమ కింద వాళ్ల సంతకం ఉంటే అంతే. అందుకని జమ రాసిన ప్రతిసారీ సంతకమో వేలిముద్రో తీసుకోండి. పెళ్లి సామాను లాంటి పెద్ద మొత్తం అయితే ప్రోనోటు రాయించుకుని రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయించుకోవడంలో తప్పు లేదు. నెల సరుకుకు ప్రోనోటు అడగకండి, మనుషులు నొచ్చుకుంటారు.

బాకీ మీద మిత్తి వేయకండి. మిత్తికి పైసలు తిప్పడం వేరే వ్యాపారం, దానికి లైసెన్సు కావాలి. ఊళ్లో మీ మీద ఉన్న నమ్మకం కూడా మారిపోతుంది.

మీ ఇంటికి తీసుకెళ్లిన సరుకు కూడా రాయండి. ఇంటి పేరు మీద ఒక పేజీ ఉండాలి. మరిది పిల్లలు తీసుకున్న చాక్లెట్లు, చుట్టాలొచ్చినప్పుడు తెరిచిన కూల్‌డ్రింకు సీసాలు అన్నీ అందులోకి రావాలి. గిరాకి దగ్గర రూపాయి రూపాయి లెక్క చూస్తూ ఇంటి లెక్క వదిలేస్తే కొట్టు లాభంలో ఉందో నష్టంలో ఉందో మీకే తెలియదు.

అడగడం

బాకీ అడగడానికి సిగ్గుపడేవాళ్లు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. మీరు అడుగుతున్నది మీ సరుకు పైసలు. దానికి గొంతు పెంచక్కర్లేదు, బతిమాలక్కర్లేదు.

నలుగురు ఉన్నప్పుడు అడగకండి. పెళ్లిలో, బోనాల దగ్గర, బస్సులో అసలే వద్దు. కొట్లో ఎవరూ లేనప్పుడు పేజీ వాళ్ల వైపు తిప్పి చూపించండి. "ఎప్పుడిస్తవ్?" అని అడిగితే "ఇస్త" అనే జవాబే వస్తుంది. "తమ్మీ, 3,400 ఉన్నయి. శుక్రవారం జీతం పడుతది కదా, 1,500 ఇయ్యి, మిగతాది వచ్చే నెల చూద్దాం" అని మొత్తం, తేదీ, ఇప్పుడు కావాల్సింది మూడూ చెప్పండి. ఇంత తేలిగ్గా చెప్పిన మొత్తాన్ని చాలామంది ఇచ్చేస్తారు. మగవాడి బాకీ ఇంట్లో భార్యను అడగకండి, ఆమె తీసుకున్నది అయితే తప్ప.

లేదని చెప్పాల్సి వస్తే కారణం పేజీలో చూపించండి. "పాతది సగం కట్టు, ఈ వారం సరుకు ఇస్త" అంటే తలుపు మూసినట్టు ఉండదు. చావు జరిగిన ఇంటికి బియ్యం, పప్పు అడిగితే నేను వెంటనే పంపిస్తాను, దినాలు అయ్యేదాకా ఆ లెక్క ఎత్తను. బాలింత ఇంటికీ అంతే. ఇలాంటి వాటికి కొంత పక్కన పెట్టుకోగలిగేలా మిగతా ఉద్దెర గట్టిగా చూసుకోవాలి.

బాకీ ఎక్కువైనవాళ్లు మన కొట్టు ముందు నుంచి నడవడం మానేసి, అవతలి వీధి నుంచి పోయి పక్క కొట్లో రొక్కానికి కొంటారు. పైసలూ పోయాయి, గిరాకీ పోయింది. వాళ్లకు కబురు పంపండి. పాత బాకీకి నెలకు 200 ఇచ్చినా చాలు, కొత్త సరుకు మాత్రం రొక్కానికి తీసుకోమనండి. పాత పేజీకి గీత కొట్టి కొత్త పేజీ మొదలుపెట్టండి. నా అనుభవంలో గొడవపడి వసూలు చేసిన దానికన్నా ఇలా వచ్చినవే ఎక్కువ. ఎగ్గొట్టాలనే ఉద్దేశం స్పష్టంగా ఉండి, మొత్తం పెద్దదైతే లోక్ అదాలత్ ఉంది. కేసు వేయకముందే కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థలో దరఖాస్తు పెట్టొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

సరుకు కోసం పైసలు తక్కువైతే రెండు రూపాయల మిత్తి దగ్గరికి పోకముందు బ్యాంకుకు పోండి. చిన్న వ్యాపారాలకు లోన్ ఇచ్చే ముద్ర పథకంలో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. కొట్టు ఫోన్‌పే అంతా ఒకే ఖాతాలోకి వచ్చేలా పెట్టుకుంటే మేనేజర్‌కు మీ వ్యాపారం కనిపిస్తుంది. చిన్న వ్యాపారాలు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో చేసుకోవచ్చు, దానికి ఎవరికీ వెయ్యి రూపాయలు ఇవ్వకండి. మహిళా సంఘంలో తీసుకున్న లోన్, స్త్రీనిధి పైసలు మాత్రం ఉద్దెరలో పెట్టొద్దు. ఆ వాయిదా నెలనెలా వస్తుంది, పత్తి ఏడాదికొకసారి వస్తుంది.

జీఎస్టీ గురించి ఒక్క మాట. ఏడాది అమ్మకం ఒక పరిమితి దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో సరుకు అమ్మేవాళ్లకు ఆ పరిమితి 40 లక్షలు, మన తెలంగాణలో మాత్రం 20 లక్షలు. ఏడాది అమ్మకంలో ఉద్దెర అమ్మకం కూడా లెక్కలోకి వస్తుంది, పైసలు రాకపోయినా సరే. పన్ను లేని విడి బియ్యం లాంటివి కూడా ఆ మొత్తంలో కలుస్తాయి. దగ్గరికి వస్తున్నట్టు అనిపిస్తే ముందే అకౌంటెంటును కలిసి కాంపోజిషన్ స్కీమ్ గురించి అడగండి. అది చిన్న వ్యాపారుల కోసం పెట్టిన తేలిక పద్ధతి. వ్యాపారులకు అందులో పన్ను అమ్మకం మీద 1 శాతం, దాన్ని గిరాకి దగ్గర వసూలు చేయకూడదు.

ఉగాదికి కొత్త ఖాతా తెరిచేవాళ్లు దానికి ముందు వారంలో ప్రతి పేజీ కూడి, ఆ మొత్తాన్ని ఇంటింటికీ చెప్పి, పాత పుస్తకంలో సంతకం తీసుకున్నాకే కొత్త పుస్తకంలోకి ఎత్తి రాయండి. పాత పుస్తకాన్ని పారేయకుండా దాచండి, సంతకాలన్నీ అందులోనే ఉంటాయి. పండుగ రోజు మాత్రం ఎవరినీ బాకీ అడగొద్దు.