పదేపదే వచ్చే బాక్టీరియా జబ్బుల వెనుక జన్యు కారణాన్ని వెతకడం ఎలా

ఒకే బాక్టీరియా అందరినీ ఒకే తీరున దెబ్బతీయదు. డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన పిల్లలపై 1988లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కన్నవారిలో ఒకరు 50 ఏళ్లలోపు ఇన్ఫెక్షన్‌తో మరణించి ఉంటే, వేరే ఇంట పెరిగిన బిడ్డకూ అలాంటి మరణ ముప్పు దాదాపు ఆరు రెట్లు ఉంది.

అందువల్ల ముందుగా మూడు తరాల కుటుంబ చరిత్రను రాసుకోవాలి. తల్లి వైపు మగపిల్లల మరణాలను ప్రత్యేకంగా గమనించాలి. యాంటీబాడీల తయారీకి అవసరమైన బీటీకే జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉండటం, మగపిల్లలకు ఆ క్రోమోజోము ఒక్కటే, అదీ తల్లి నుంచే రావడం అందుకు కారణం.

తరువాత కల్చర్ నివేదికలను, అంటే రోగి నమూనాలో ఏ సూక్ష్మజీవి పెరిగిందో చెప్పే ల్యాబ్ ఫలితాలను సేకరించాలి. నా దృష్టిలో ఇదే అత్యంత విలువైన పని, ఎందుకంటే లోపం ఎక్కడుందో చాలాసార్లు సూక్ష్మజీవి పేరే సూచిస్తుంది. మెదడు పొరల వాపు తెచ్చే మెనింజోకాకస్ మళ్లీ మళ్లీ సోకితే, క్రిములను చంపడంలో తోడ్పడే కాంప్లిమెంట్ అనే రక్త ప్రోటీన్ల పనితీరును సీహెచ్50 అనే రక్తపరీక్షతో చూడాలి. స్టెఫైలోకాకస్ బాక్టీరియా చీముగడ్డలు, సెరేషియా అనే మరో బాక్టీరియా కలిసి కనిపిస్తే, తెల్లరక్తకణాలు తాము మింగిన క్రిములను చంపలేకపోతున్నాయేమో డీహెచ్ఆర్ అనే రక్తపరీక్ష తేలుస్తుంది. బీసీజీ టీకాలోని క్రిమే శరీరమంతా వ్యాపిస్తే, రక్షణ కణాలను ఉత్తేజపరిచే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులను అనుమానించాలి. క్రిములు వచ్చాయన్న సంకేతాన్ని రక్షణ కణాల లోపల చేరవేసే ఐరాక్4 ప్రోటీన్ లోపం ఉన్న పసివారిలో, న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ బాక్టీరియా తీవ్రంగా సోకినా జ్వరం స్వల్పంగానే ఉండవచ్చు కనుక, ఒళ్లు కాలడం లేదని ధీమా పడకూడదు.

జన్యు పరీక్ష వీటన్నిటి తరువాతే. నివేదికలో ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’ అని ఉంటే దానిని రోగ నిర్ధారణగా భావించరాదు. సందేహం తీరేవరకు, సజీవ క్రిములున్న టీకాలను నిపుణుల సలహా లేకుండా వేయించరాదు.